గడువు తీరిన బీమా, తీరని బాధ్యత

కారు బీమా గడువు తీరిపోయాక తిరిగి కట్టబోతే సొమ్ము ఎక్కువ అడుగుతారెందుకు? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో కారున్న మన కుటుంబాలకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. దీని వెంటే మరో మాట కూడా వస్తుంది. ‘అసలు బీమాయే ధర్మసమ్మతం కానప్పుడు, కట్టకపోతే వచ్చిన నష్టమేమిటి?’ అని. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే దేనికీ సరైన జవాబు దొరకదు.

కారు పాలసీలో రెండు భాగాలుంటాయి. మన బండి వల్ల ఎదుటివారికి కలిగే నష్టానికి పూచీపడేది ఒకటి. దీన్నే థర్డ్ పార్టీ అంటారు. మన సొంత బండికి జరిగే నష్టానికి సంబంధించినది రెండోది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం మొదటిది తప్పనిసరి. రెండోదాన్ని చట్టం మన ఇష్టానికే వదిలిపెట్టింది.

మొదటి భాగం రేటును ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టికలో 1000 సిసి దాటని కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సిసి వరకు 3,416, ఆపైన 7,897. పన్ను అదనం. గడువు తప్పిందని ఈ రేటు పెరగదు. అమెరికాలో ఉన్న బంధువులు ‘మధ్యలో బీమా ఆగితే మొత్తం రేటే పెంచేస్తారు’ అంటారు. అది అక్కడి పద్ధతి.

మన దగ్గర పెరిగేది రెండో భాగంలోనే. ఏడాదంతా క్లెయిమ్ అడగనివారికి మరుసటి ఏడాది ఈ భాగంలో 20 శాతం తగ్గింపు ఇస్తారు. దాన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. అలా వరుసగా క్లెయిము లేకుండా గడిచేకొద్దీ అది 25, 35, 45, చివరికి 50 శాతం అవుతుంది. గడువు తీరిన 90 రోజుల్లోగా పాలసీని పునరుద్ధరించకపోతే ఈ బోనసంతా పోతుంది. మళ్ళీ సున్నా నుంచే మొదలు.

లెక్క వేసి చూద్దాం. తగ్గింపు లేకుండా సొంత నష్టం ప్రీమియం 10,000 రూపాయలనుకోండి. 50 శాతం బోనసున్నవారు 5,000 కడతారు. బోనసు పోగొట్టుకున్నవారు మొదటి ఏడాది 10,000, తర్వాత వరుసగా 8,000, 7,500, 6,500, 5,500 కట్టి ఆరో ఏటికి గాని 5,000కు చేరుకోరు. కారు విలువ తగ్గుదలను పక్కనపెడితే, ఐదేళ్ళలో అదనంగా పోయేది 12,500 రూపాయలు. ఒక్క తేదీ మరచినందుకు!

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆ 90 రోజులు బోనసుకు ఇచ్చిన గడువే, రక్షణకు కాదు. పాలసీ తీరిన అర్ధరాత్రి నుంచే కారుకు బీమా లేనట్టు. ఆ మధ్య ప్రమాదం జరిగితే కంపెనీ పైసా ఇవ్వదు. ఆలస్యంగా కట్టబోయినప్పుడు కారును తనిఖీ చేశాకే సొంత నష్టానికి మళ్ళీ పాలసీ ఇస్తుంది. మరొకటి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. సొంత నష్టం భాగం మాత్రం చాలావరకు ఒక్క ఏడాదికే ఉంటుంది. ‘మూడేళ్ళ పాలసీ ఉందిగా’ అని ధీమాగా ఉన్నవారు రెండో ఏటనే బోనసు పోగొట్టుకోవచ్చు. కనుక కాగితం మీద రెండు తేదీలనూ చూసుకోవాలి.

ఇక ధర్మం విషయం. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, నిర్ణీత ప్రీమియంతో నడిచే వ్యాపార బీమా నిషిద్ధమని తీర్మానించింది. పరస్పర సహకారం, విరాళం పునాదిగా నడిచే బీమాను సమ్మతించింది. అయితే చట్టం బలవంతం చేసే థర్డ్ పార్టీ బీమాను అనివార్య పరిస్థితిగా ఎంచి ఎందరో పండితులు అనుమతించారు. సొంత నష్టం భాగం విషయంలో అభిప్రాయభేదాలున్నాయి. మీకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడగండి. ఆయన వద్దంటే మానేయండి. అప్పుడు పోయే బోనసూ లేదు, పెరిగే రేటూ లేదు. కాని ఆ వంకతో మొదటి భాగాన్నీ వదిలేయడం భయభక్తులనిపించుకోదు. అక్కడ ఉన్నది మన సొమ్ము కాదు, ఎదుటివారి హక్కు.

పొరపాటున ప్రాణం తీసినా మృతుని కుటుంబానికి రక్తపరిహారం చెల్లించాలని దివ్యఖుర్‌ఆన్ ‘అన్నిసా’ సూరా 92వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. ఆ కుటుంబం క్షమించి వదిలేస్తే తప్ప అది తప్పదు. ఆ భారం ఒక్కడి మీదే పడకుండా అతని బంధువర్గం, అంటే ‘ఆఖిలా’, మూడేళ్ళలో వాయిదాలుగా చెల్లించే ఏర్పాటును ఫిఖహ్ గ్రంథాలు వివరిస్తాయి. నేడు మనలో ఎవరికి అలాంటి ఆఖిలా ఉంది? అన్నదమ్ములే వాటాలు పంచుకుని వేరుపడిన కాలమిది. వ్యాపార బీమా ఆఖిలాతో సమానమని మేము అనడం లేదు. కాని అదీ ఇదీ రెండూ లేకుండా రోడ్డెక్కితే ఆ అనాథల హక్కు ఎవరు తీర్చాలి?

హైదరాబాదు - విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగానే పోతుంది. మిర్యాలగూడలో వరికోతల కాలంలో రైసుమిల్లులకు వచ్చే ధాన్యం ట్రాక్టర్ల మధ్య రాత్రిపూట కారు నడపడం ఎంత కష్టమో అక్కడివారికి చెప్పనక్కరలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన 164వ సెక్షన్ ప్రకారం, తప్పెవరిదని రుజువు చేయనవసరం లేకుండానే మృతుని కుటుంబానికి 5 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి రెండున్నర లక్షలు అడిగే హక్కుంది. బీమా లేకపోతే అది యజమానే ఇవ్వాలి. తప్పు రుజువై ట్రిబ్యునల్ ఎక్కువ పరిహారం విధిస్తే అదీ ఆయన మీదే. ఇల్లు, పొలం అమ్మాల్సి రావచ్చు. తీర్చకుండా మరణిస్తే అది మెడకు చుట్టుకునే ఋణం. షహీదుకు సైతం ఋణం మినహా తక్కినవే క్షమించబడతాయని మహాప్రవక్త (స) తెలిపారు. దీని ముందు 196వ సెక్షన్ కింద మొదటిసారి విధించే 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు చిన్నవే.

గడువు ఇప్పటికే తప్పిందా? కారును ఇంటి దగ్గరే ఆపండి. ముందు థర్డ్ పార్టీ కట్టి, కాగితం మీద రక్షణ మొదలయ్యే తేదీ, సమయం చూసుకున్నాకే తాళంచెవి తీయండి. 90 రోజులు దాటకపోతే బోనసు సంగతి గట్టిగా అడగండి. పాత కారు కొన్నవారు 14 రోజుల్లో పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి. బోనసు మనిషిదే గాని బండిది కాదు కనుక అమ్మినవారి తగ్గింపు కొన్నవారికి రాదు. అమ్మినవారు మాత్రం కంపెనీ నుంచి బోనసు ధ్రువపత్రం తీసుకుంటే, మూడేళ్ళలోగా కొనే మరో కారుకు అది పనికొస్తుంది.