కృష్ణా డెల్టా తడి మాగాణులకు వరికోత యంత్రం ఎంపిక: నేల భారవహనశక్తి దృష్ట్యా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

విజయవాడ గవర్నర్‌పేట నుండి బందరు రోడ్డు మీదుగా ఉయ్యూరు, పామర్రు దాటి మచిలీపట్నం వరకు ప్రయాణించువారికి రెండు వైపులా కనిపించేవి ప్రధానంగా వరి మాగాణులే. రోడ్డు మీద ఏ వాహనమైనా నడుస్తుంది. రోడ్డు దిగి గట్టు దాటి నల్లని బంకనేలలో అడుగుపెట్టిన తరువాతనే యంత్రం యొక్క అసలు సామర్థ్యం బయటపడుతుంది. ఈ నేలలో బంకమన్ను శాతం అధికం. తడిసినప్పుడు ఉబ్బి మెత్తబడుతుంది, ఎండినప్పుడు నెర్రెలు విచ్చుతుంది.

ఖరీఫ్ వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలలలో, అనగా తుఫానుల కాలంలోనే వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటిన నాటికి డెల్టాలో కోతలు ఇంకా ముగియలేదు. ఇటువంటి వేళ పడిపోయిన పైరును మొలకెత్తకముందే ఒబ్బిడి చేసుకొనుట ఎంత అవసరమో, తరువాత వేయవలసిన మినుము పైరుకు నేలను కాపాడుకొనుట అంతే అవసరం. కావున కోతయంత్రం ఎంపికను అద్దె ధర ఒక్కదానినే బట్టి గాక, నేల స్థితిని బట్టి ఎట్లు నిర్ణయించవలెనో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పీడనం లెక్క

రైతులు వాడుకలో 'టైర్ల మిషను', 'చైను మిషను' అని పిలిచే రెండు రకాల మధ్య ప్రధాన భేదం నేలపై అవి కలిగించే పీడనంలో ఉంది. యంత్రం బరువును నేలను తాకే వైశాల్యంతో భాగిస్తే సగటు పీడనం వస్తుంది.

ఉదాహరణకు ధాన్యంతో కలిపి 9 టన్నుల బరువున్న టైర్ల యంత్రాన్ని తీసుకొందాం. బరువులో 70 శాతం ముందు ఇరుసుపై పడుతుందనుకొంటే ఒక్కొక్క ముందు టైరుపై 3,150 కిలోల భారం ఉంటుంది. టైరు నేలను తాకే భాగం 46 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. పొడవు అయితే పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 1.5 కిలోలు.

ధాన్యంతో కలిపి 3.5 టన్నుల బరువున్న చైను యంత్రానికి 45 సెం.మీ. వెడల్పు, 160 సెం.మీ. పొడవు నేలను తాకే రెండు రబ్బరు పట్టాలు ఉన్నాయనుకొంటే పీడనం సుమారు 0.24 కిలోలు మాత్రమే. 60 కిలోల మనిషి నడిచేటప్పుడు ఒంటికాలిపై పడే పీడనం, పాదం ఆనే వైశాల్యం 150 చ.సెం.మీ. అనుకొంటే, 0.4 కిలోలు. అనగా ఈ యంత్రం సగటున మనిషి అడుగుకంటె తేలికగా నేలను తాకుతుంది. అయితే పట్టా క్రింది రోలర్ల వద్ద పీడనం సగటుకంటె ఎక్కువగా ఉంటుందని విద్యార్థులు గుర్తుంచుకోవలెను. పై అంకెలు లెక్క చేసే విధానం తెలుపుటకే. క్షేత్రంలో ఆయా యంత్రం కొలతలను తీసుకోవలెను.

దిగబడుటకు కారణం

ఏటా దమ్ము చేయుట వలన వరి మాగాణులలో మెత్తని పైపొర క్రింద గట్టి పొర ఏర్పడుతుంది. చక్రం పైపొరను చీల్చుకొని ఈ గట్టి పొరపై ఆనితే యంత్రం ముందుకు సాగుతుంది. గట్టి పొర చేరుకొనేలోపే యంత్రం పొట్ట నేలకు ఆనితే చక్రాలు ఉన్నచోటనే తిరిగి మరింత లోతుకు త్రవ్వుకొంటాయి. చేపల చెరువులను పూడ్చి తిరిగి వరిలోనికి తెచ్చిన భూములలో, కొత్తగా మెరక తీసి చదును చేసిన మడులలో గట్టి పొర ఉండకపోవచ్చు. పక్క పొలంలో యంత్రం నడిచినదన్న ధైర్యం ఇక్కడ చెల్లదు.

క్షేత్రంలో చేయదగిన పరీక్షలు

కోన్ పెనిట్రోమీటరు అందుబాటులో లేనిచోట ఈ రెండు పరీక్షలు చాలు.

1. ఇనుప ఊచ పరీక్ష: పొలంలో కనీసం పది చోట్ల, ముఖ్యంగా పల్లపు మూలలలో, ఊచను చేతిబలంతో గుచ్చి మెత్తని పొర లోతు కొలవవలెను. ఈ లోతు యంత్రం పొట్టకు, నేలకు మధ్యగల ఎడంకంటె స్పష్టంగా తక్కువగా ఉంటేనే టైర్ల యంత్రాన్ని దించవలెను.

2. పురి పరీక్ష: పైపొర మట్టిని అరచేతుల మధ్య నలిపి 3 మి.మీ. మందం దారంగా చేయవలెను. తునగకుండా దారం సాగితే నేల ఇంకా ముద్ద స్థితిలో ఉన్నదని అర్థం. ఈ స్థితిలో బరువైన చక్రం నేల రంధ్రాలను మూసివేస్తుంది.

మినుముతో ముడిపడిన చిక్కు

డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలుచున్న పైరులోనే మినుము విత్తనం వెదజల్లుట ఆచారం. విత్తనం మొలచుటకు నేలలో తడి ఉండవలెను. యంత్రం నడచుటకు నేల ఆరవలెను. మనుషులు కొడవళ్ళతో కోసిన కాలంలో ఈ వైరుధ్యం ఇంతగా బాధించలేదు.

ఇక్కడ చైను యంత్రం సర్వరోగ నివారిణి కాదు. 2 మీటర్ల కోత వెడల్పుగల యంత్రానికి 45 సెం.మీ. పట్టాలు రెండు ఉంటే పొలంలో 45 శాతం వైశాల్యం పట్టా క్రింద పడుతుంది. 4.2 మీటర్లు కోసే టైర్ల యంత్రం, వెనుక చక్రాలు ముందు జాడలోనే నడిస్తే, సుమారు 22 శాతాన్ని మాత్రమే తొక్కుతుంది. మొదటిది ఎక్కువ నేలను తేలికగా, రెండవది తక్కువ నేలను గట్టిగా తొక్కుతాయి. దీనికి తోడు చైను యంత్రం ఒక్కచోటనే తిరిగినప్పుడు పట్టాలు నేలను గీరివేస్తాయి. మొలక పైకి వచ్చిన తరువాత ఏ యంత్రం దించినా మొక్కల సంఖ్య తగ్గుతుంది. యంత్రం వెనుక వరుసగా పడే గడ్డి క్రింద మొలకలు ఎదగలేవు. దానిని వెంటనే పరచవలెను.

ఎంపికకు సూచనలు

• పురి తునిగి, మెత్తని పొర తక్కువగా ఉన్న పొలంలో టైర్ల యంత్రమే మేలు. పని త్వరగా సాగుతుంది, ఖర్చు తగ్గుతుంది.

• పురి సాగుతూ, నీరు నిలువని పొలంలో చైను యంత్రం వాడవలెను. ధాన్యం తొట్టిని నిండనీయక తరచుగా గట్టు వద్ద దించవలెను. మలుపులు విశాలంగా తీసుకోవలెను.

• నీరు నిలిచిన పొలంలో ముందుగా మురుగు కాలువలు తీసి, ఆ తరువాతనే యంత్రం సంగతి ఆలోచించవలెను. మామూలు సంవత్సరాలలో కోతకు 7–10 రోజుల ముందే నీరు తీసివేయవలెను.

• యంత్రంతో కోయించుట ముందే నిశ్చయమైతే, వెదజల్లుటకు బదులు కోత తరువాత దుక్కి లేకుండా విత్తే గొర్రుతో మినుము వేయుట గురించి రైతుతో చర్చించవలెను.

• అద్దెకు తీసుకొనే ముందు పట్టాల బిగువు, రబ్బరు పగుళ్ళు, రోలర్లు చూడవలెను. చైను యంత్రాన్ని లారీపై తరలించవలసి ఉంటుంది గనుక ఒకే దారిలోని రైతులు కలిసి మాట్లాడుకొంటే రవాణా ఖర్చు పంచుకోవచ్చు.

• యంత్రం దిగబడితే చక్రాలు తిప్పుట వెంటనే ఆపి, ముందుగా ధాన్యం ఖాళీ చేయవలెను. పిదప వచ్చిన జాడలోనే వెనుకకు, గట్టినేలపై నిలిచిన ట్రాక్టరుతో లాగించవలెను.

ముగింపు

నేల గట్టిపడుటలో అధిక భాగం యంత్రం మొదటిసారి తొక్కినప్పుడే జరుగుతుంది. కావున ధాన్యం మోసే ట్రాక్టరును పొలమంతా తిరగనీయక ఒకే దారిలో నడిపించుట కూడ ఎంపికలో భాగమే. విస్తరణ శాస్త్రవేత్తలు కోతల కాలానికి ముందే గ్రామంలో పల్లపు మడులను, పూడ్చిన చెరువు భూములను గుర్తించి జాబితా తయారు చేస్తే, తుఫాను హెచ్చరిక వెలువడిననాడు ఏ యంత్రం ఏ పొలానికి అన్న ప్రశ్నకు సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆనాడు వెతుక్కొనే రైతుకు దొరికిన యంత్రమే దిక్కు అవుతుంది. ముందే తెలిసిన రైతుకు మాత్రమే ఎంపిక అనేది మిగులుతుంది.