కీళ్ల నొప్పులన్నీ ఒకటి కాదు

మన హాస్టల్లో ఎవరైనా మోకాలు నొప్పి అంటే చాలు, “డ్రిల్లు ఎగ్గొట్టడానికి నాటకం” అని నవ్వేవాళ్లున్నారు. “ముసలివాళ్ల వాతం నీకెందుకొచ్చిందిరా?” అనేవాళ్లూ ఉన్నారు. అందుకే సైన్సు సార్ని, ఆరోగ్య కేంద్రం సిస్టరుగారిని అడిగి తెలుసుకొని ఇది రాస్తున్నాను.

మా అవ్వకు ఉన్నది కీళ్లవాతం. ఏళ్ల తరబడి మోకీలు అరిగి వచ్చింది. నడిస్తే నొప్పి, కూర్చుంటే తగ్గుతుంది. జ్వరం రాదు. కబడ్డీలో కాలు బెణికితే దెబ్బ ఎక్కడ తగిలిందో మనకే తెలుసు. విశ్రాంతి తీసుకుంటే రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఈ రెండిటికీ భయం లేదు. భయపడాల్సినవి వేరే ఉన్నాయి.

1. చీము పట్టిన కీలు: ఒక్క కీలే వాచి, ముట్టుకుంటే కాలుతుంది. జ్వరం వస్తుంది. కాలు కింద పెట్టలేరు. సూక్ష్మజీవులు కీలు లోపల చేరి కొద్ది రోజుల్లోనే దాన్ని పాడుచేస్తాయి. మర్దన చేయకూడదు. ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి.

2. రుమాటిక్ జ్వరం: 5 నుండి 15 ఏళ్ల పిల్లలకే ఎక్కువ. గొంతు నొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు మొదలౌతుంది. ఇవాళ మోకాలు, ఎల్లుండి చీలమండ, తర్వాత మోచేయి, ఇలా నొప్పి తిరుగుతుంది. కొన్నాళ్లకు దానంతటదే పోతుంది కూడా. పోయింది కదా అనుకుంటే మోసపోతాం. లోపల గుండె కవాటాలు చెడిపోవచ్చు. ఇది వచ్చినవాళ్లు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది చాలా ఏళ్లు వేయించుకోవాలి.

3. సికిల్ సెల్: మన గిరిజనుల్లో ఎక్కువగా కనబడుతుంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు ఎముకలు, కీళ్లు భరించలేనంత నొప్పి పెడతాయి. చలి, దాహం, అలసట దీన్ని రేపుతాయి. ఇది అంటుకోదు, తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్లలోపు వారికి రక్తపరీక్ష చేస్తున్నారు. మనమంతా చేయించుకోవాలి.

గుర్తుపెట్టుకోండి. కీళ్ల నొప్పితో పాటు కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ పూటే చెప్పండి:
• జ్వరం
• వాపు, వేడి
• కాలు మోపలేకపోవడం
• ఆయాసం, గుండె దడ
• కళ్లు పచ్చబడటం
• ఈమధ్య గొంతు నొప్పి వచ్చి ఉండటం

నొప్పి బిళ్ల మింగి పడుకోవద్దు. బిళ్లతో నొప్పి అణుగుతుంది గాని రోగం పోదు.

వార్డెన్ సార్లకు, మేడంగార్లకు మనవి: మాలో కొందరు ఇంటికి పంపేస్తారేమోనని నొప్పి దాచుకుంటారు. అడిగితే “ఏం లేదు సార్” అంటారు. దయచేసి ఒకసారి నుదురు, మోకాలు పట్టి చూడండి. పక్క మంచం మీది స్నేహితుడు కుంటుతుంటే మిత్రులారా, నవ్వకండి. చెయ్యి పట్టుకొని సార్ దగ్గరికి తీసుకెళ్లండి.