గుడారం ఎక్కడ వేయాలి?

డిసెంబరు సెలవుల్లో మీ తరగతి అంతా కలిసి కొండ అడవిలో శిబిరానికి వెళ్లారనుకోండి. లోయ అడుగున చదునైన పచ్చిక నేల, పక్కనే వాగు. గుడారం వేయడానికి ఇంతకంటే మంచి చోటు ఉంటుందా అనిపిస్తుంది. కాని అక్కడ పడుకుంటే ఆ రాత్రి అందరికంటే ఎక్కువగా వణికేది మీరే! ఎందుకో చూద్దాం.

ముందు ఒక చిన్న లెక్క. పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున ప్రతి 1000 మీటర్లకు 6.5 సెంటీగ్రేడు డిగ్రీలు తగ్గుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖ తీరంలో 18 డిగ్రీలున్న రాత్రి అక్కడ 11 లేక 12 డిగ్రీలు ఉండాలి కదా? కాని చలికాలంలో కొన్ని రాత్రులు అక్కడ 5 డిగ్రీలకంటే కూడా తగ్గుతుంది. ఆ ఊరికి 'కొర్ర బయలు' అని మరో పేరుంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని దాని అర్థం చెబుతారు.

ఈ అదనపు చలి ఎక్కడిది? సముద్రానికి దూరంగా ఉండటం ఒక కారణం. రెండో కారణం నేలలోనే ఉంది. పగలు వేడెక్కిన నేల, రాత్రి ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో ఆకాశంలోకి పంపుతుంది. మబ్బులుంటే అవి కొంత వేడిని తిరిగి కిందికి పంపుతాయి. ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ దుప్పటి ఉండదు. నేల చల్లబడి, తనను ఆనుకున్న గాలిని కూడా చల్లబరుస్తుంది. చల్లని గాలికి సాంద్రత ఎక్కువ. అందుచేత అది వాలు వెంబడి నీటిలాగే మెల్లగా జారి, లోయలో చెరువులా నిలుస్తుంది. అప్పుడు కింద చలి, పైన వెచ్చదనం! దీనినే 'ఉష్ణోగ్రతా విలోమం' అంటారు. పొద్దున్నే కొండమీద నిలబడి చూస్తే లోయను నింపిన పొగమంచు కనబడుతుంది. ఆ చల్లగాలి చెరువు అంచు దాదాపు అదే.

రాత్రిపూట దూరాన ఉన్న వాగు చప్పుడు స్పష్టంగా వినిపించడానికి కూడా ఇదొక కారణం. వెచ్చని గాలిలో ధ్వని వేగం ఎక్కువ. కాబట్టి పైకి పోయే ధ్వని తరంగాలు వెచ్చని పొరలో వంగి తిరిగి నేలవైపు వస్తాయి.

మరి గుడారం ఎక్కడ వేయాలి? లోయ అడుగున వద్దు. పైన వాన కురిస్తే వాగు హఠాత్తుగా పొంగే ప్రమాదం కూడా ఉంది. శిఖరం మీద ఈదురుగాలి. వాలు మధ్యలో చదునుగా ఉన్న చోటు మేలు. చెట్ల కింద మంచు తక్కువ పడుతుంది. అయితే తలపైన ఎండుకొమ్మలు లేకుండా చూసుకోండి. కింద చాప, దానిపై మందపాటి దుప్పటి పరచండి. వాటిలో చిక్కుకున్న గాలి అధమ ఉష్ణవాహకం. మీ ఒంటి వేడిని నేలలోకి పోనివ్వదు.

ఇప్పుడు అతి ముఖ్యమైన మాట. ఎంత చలి వేసినా నిప్పుల కుంపటిని గుడారంలోకి తేవద్దు! చాలినంత ఆక్సిజన్ అందక బొగ్గులు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కంటే ఈ వాయువుతో 200 రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. దాంతో శరీరానికి ఆక్సిజన్ అందదు. నిద్రపోతున్నవారు మేలుకోకుండానే ప్రాణాలు కోల్పోవచ్చు. గుడారంలో గాలి ఆడే సందును కూడా మూయకండి. మూస్తే మీ ఊపిరిలోని నీటి ఆవిరి గుడ్డకు తగిలి చుక్కలై మీమీదే పడుతుంది!

చేసి చూడండి: రెండు ఉష్ణమాపకాలు తీసుకోండి. మొదట రెండింటినీ ఒకేచోట ఉంచి, ఒకే అంకె చూపుతున్నాయో లేదో గమనించండి. సాయంత్రం ఒకదానిని లోయలో, రెండోదానిని వాలుమీద కొంత ఎత్తున, రెండూ నేలనుంచి ఒక మీటరు పైన ఉండేలా వేలాడదీయండి. తెల్లవారి వెలుగు వచ్చాక, ఎండ తగలకముందే ఉపాధ్యాయునితో వెళ్లి చూడండి. మబ్బు పట్టిన రాత్రి, నిర్మలమైన రాత్రి, రెండు సార్లూ చేయండి. తేడా ఏ రాత్రి ఎక్కువ? ఎందుకు? జవాబు మీకు ఇప్పటికే తెలుసు!