చరిత్ర వ్యాసం పంపే ముందు, నాయనా

(మెడిసిన్ ముగించి, ఫ్లోరోసిస్ చరిత్ర రాసి పత్రిక్కి పంపుతానన్న మనవడికి, కావలి నుంచి)

1. రోగం గురించి రాస్తే వైద్య వ్యాసమవుతుంది. ఆ రోగం కాగితం మీదికి ఎప్పుడు, ఎవరివల్ల ఎక్కిందని అడుగు, అప్పుడు చరిత్ర. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద వ్యాసం వేశారు. అంతకుముందు గారపళ్లూ వంగని నడుములూ ఎవరి కంటా పడలేదా? నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతో చెప్పే పట్టికలు ఎడిటర్‌కు అక్కర్లేదు.

2. పాత కాగితంలో "నెల్లూరు జిల్లా" అని కనబడగానే ఇప్పటి మ్యాపు తియ్యొద్దు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు మనవే. 1970లో ప్రకాశం జిల్లా పుట్టినప్పుడు అటు పోయాయి. కందుకూరూ పోయింది, 2022లో తిరిగొచ్చింది. ఒంగోలు సంగతి ఇంకా పాతది: 1904లోనే గుంటూరులో కలిపారు. ఈ లెక్క తప్పావంటే ఆ మెట్ట ఊళ్ల రోగాన్ని తీసుకొచ్చి సముద్రం ఒడ్డున మైపాడులో చేపలు పట్టే పట్టపోళ్లకు అంటగడతావు.

3. 1953 దాకా మన కాగితాలన్నీ మద్రాసుకే పోయేవి. కాబట్టి ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు పోక తప్పదు. ఫైలు చేతికొచ్చినప్పుడే శాఖ, జీవో నంబరు, తేదీ రాసుకో. ఫోన్లో ఫొటో తీస్తే చాలనుకుంటారు మీ వయసు వాళ్లు. నంబరున్న అట్ట మాత్రం ఆ ఫొటోలో ఉండదు.

4. ఎద్దుల కాళ్లు పట్టేయడం డాక్టర్ల కన్నా ముందే రైతులు గమనించారని మెట్టలో చెప్పుకుంటారు. రాయి, కానీ ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఫుట్‌నోట్‌లో పెట్టు. ఎనభై ఏళ్ల తర్వాత చెప్పిన మాటను 1937 సాక్ష్యంగా చూపించకు.

5. పత్రిక పాత సంచికలు చదివాకే పంపు. హైదరాబాద్ వైద్యచరిత్ర పత్రిక 1963లో ఉస్మానియా మెడికల్ కాలేజీ వైద్యచరిత్ర శాఖ బులెటిన్‌గా మొదలైంది. నీ విషయానికి అది దగ్గర. అమెరికాలో బాల్టిమోర్ నుంచి వచ్చే వైద్యచరిత్ర బులెటిన్‌కు పంపాలంటే పొదిలి ఎక్కడుందో, అక్కడి సంగతి తమకెందుకో వాళ్లకు మొదటి పేజీలోనే తెలియాలి. ఒక వ్యాసం ఒకసారి ఒక్క పత్రికకే.

6. రచయిత ఎవరో రివ్యూయర్‌కు తెలియకూడదనే చోట పేరొక్కటే తీసేస్తే సరిపోదు. కృతజ్ఞతల్లో తాత పేరు కూడా తియ్యి.

7. రివ్యూ వచ్చిన రోజే జవాబు రాయకు. వాళ్లడిగిన ప్రతిదీ ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోనిచోట ఫైలు నంబరు చూపించు. వారంలో అచ్చేస్తాం, ముందు డబ్బు కట్టమనే మెయిల్ వస్తే మాత్రం చదవకుండానే తీసెయ్.