కంప్యూటరు జేబులో చీటీ

మాది వ్యవసాయ కుటుంబం. నాన్న ఫోనులో చెప్పిన పత్తి ఖర్చులన్నీ ఒక ఫైలులో రాసి, దానికి ‘పొలం లెక్కలు’ అని తెలుగులోనే పేరు పెట్టాను. కొండాపూర్‌లో నా గదిలో అది చక్కగా కనబడేది. ఒక ల్యాబులో లినక్స్ యంత్రం మీద ‘ఎల్‌ఎస్’ కమాండు ఇద్దును గదా, పేరుకు బదులు 340, 260 అంటూ బారెడు అంకెలు! “కంప్యూటర్లకు తెలుగు పడదోయ్” అన్నాడు పక్కనున్నాయన. నిజమే కాబోలని పేరు ఇంగ్లీషులోకి మార్చబోయాను కూడా.

తీరా చూస్తే ఫైలుకేమీ కాలేదు. యుటిఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా మూడేసి బైట్లుగా ఉంటుంది. అవి అక్షరాలని ‘ఎల్‌ఎస్’కు చెప్పినవారు లేరు, అందుకని బైట్లనే అంకెలుగా చూపింది. ఆ చెప్పే సాధనమే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్.

సంతకు పంపేటప్పుడు నాన్న చీటీ రాసిస్తాడు. అలాగే షెల్ తాను నడిపే ప్రతి ప్రోగ్రాముకూ పేర్లు, విలువలు రాసిన చీటీ నకలు ఇస్తుంది. 1979లో బెల్ ల్యాబ్స్ వారి యూనిక్స్ ఏడవ కూర్పుతో వచ్చిన ఏర్పాటిది. కమాండ్లను ఎక్కడ వెతకాలో ‘పాత్’ చెబుతుంది, ఏ దేశపు టైమో ‘టీజెడ్’ చెబుతుంది. సంతలో నకలు మీద ఏం కొట్టేసినా ఇంట్లో అసలు మారదు. విలువ పెట్టి ‘ఎక్స్‌పోర్ట్’ అనకపోతే అసలు చీటీకే ఎక్కదు (ఇది తెలియక నాకు ఒక రాత్రి పోయింది). టెర్మినల్ మూస్తే అంతా పోతుంది. నిలవాలంటే ‘బాష్ఆర్‌సీ’ ఫైలులో రాసుకోవాలి. పాస్‌వర్డులు మాత్రం ఆ ఫైలులో రాసి నలుగురికీ పంచకండి.

ఇక ఎవరి మాట చెల్లుతుంది? చాలా పనిముట్లలో కమాండు పక్కన రాసిన ఆప్షన్‌దే పైచేయి, తర్వాత చీటీ, ఆ తర్వాత సెట్టింగుల ఫైలు. భాష విషయంలో చీటీలోనే పెద్దా చిన్నా ఉన్నాయి. ‘లాంగ్’ కంటే ‘ఎల్‌సీ_ఆల్’ పెద్దది. నేను పదిసార్లు ‘లాంగ్’ను ‘టిఇ_ఐఎన్.యుటిఎఫ్-8’ చేసినా లాభం లేకపోయింది; ఆ యంత్రంలో ఎవరో ‘ఎల్‌సీ_ఆల్’ను ‘సి’ అని పెట్టి ఉన్నారు! ‘సి’ అంటే ఒట్టి ఇంగ్లీషన్నమాట. (‘లొకేల్ -ఎ’ కొడితే యంత్రంలో తెలుగు ఉందో లేదో ముందే తేలుతుంది. మా దాంట్లో ఉంది.)

‘అన్‌సెట్ ఎల్‌సీ_ఆల్’ అని కొట్టి మళ్ళీ ‘ఎల్‌ఎస్’ ఇచ్చాను. ‘పొలం లెక్కలు’ వచ్చింది. ‘డేట్’ కొడితే వారం పేరు కూడా తెలుగులోనే. పక్కనున్నాయన కుర్చీ ఇటు జరుపుకొని, “ఏదీ, మళ్ళీ కొట్టు” అన్నాడు.