పాలు పడనివానికి పెరుగు పడునా?

విద్యార్థులారా! ఒక డిసెంబరు సెలవులలో నేను అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నా చెల్లెలి ఇంట ఉంటిని. ఈ ఊరు మిషిగన్ రాష్ట్రములో, డెట్రాయిట్ నగరమునకు వాయవ్య దిశలో ఉన్నది. ఇచ్చట తెలుగు కుటుంబములు చాల కలవు.

చెల్లెలి కుమారునికి పదేండ్లు. గ్లాసెడు పాలు త్రాగినచో గంటలో కడుపు ఉబ్బి, నొప్పితో ముడుచుకొని పడుకొనును. కాని రోజూ పెరుగన్నము కడుపునిండ తినును. ఒకనాడు వాడు, "పెద్దమ్మా, పెరుగు కూడా పాలే కదా! అది తింటే నొప్పి ఎందుకు రాదు?" అని అడిగెను. ఇన్ని ఏండ్లు పాఠములు చెప్పిన నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ బదులే నేటి పాఠము.

పాలలో లాక్టోస్ అను చక్కెర ఉన్నది. మన చిన్నప్రేగు దానిని ఉన్నది ఉన్నట్లుగా పీల్చుకొనలేదు. లాక్టేస్ అను ఎంజైము కత్తెరవలె దానిని గ్లూకోస్, గాలక్టోస్ అను రెండు ముక్కలుగా చేయవలెను. పసిబిడ్డలకు ఈ ఎంజైము సమృద్ధిగా ఉండును. పాలు మానిన తరువాత చాలమందిలో ఇది తగ్గిపోవును. లోకములోని పెద్దవారిలో సగముకంటె ఎక్కువమంది ఇట్టివారే. కనుక పాలు పడని తోటి విద్యార్థిని ఎగతాళి చేయరాదు. తెగని చక్కెర పెద్దప్రేగును చేరగా, అచ్చటి బాక్టీరియా దానిని పులియబెట్టి హైడ్రోజన్ మొదలైన వాయువులను పుట్టించును. కడుపుబ్బరము అందువలననే కలుగును.

ఇక పెరుగు సంగతి. తోడులోని బాక్టీరియా లాక్టోస్‌ను తిని లాక్టిక్ ఆమ్లమును చేయును. ఆ పులుపునకు పాలు గట్టిపడును. అయినను చక్కెర అంతయు పోదు, చాల భాగము మిగిలియే ఉండును. మరి నొప్పి ఏల రాదు?

1984లో అమెరికాలోని మిన్నెసోటా పరిశోధకులు దీనిని పరీక్షించిరి. పాలు పడని పదిమందికి ఒకసారి పాలలోను, మరొకసారి పెరుగులోను, ఇంచుమించు సమానముగా లాక్టోస్ ఇచ్చి, వారు విడిచిన ఊపిరిలోని హైడ్రోజన్‌ను కొలిచిరి. పెరుగు తిన్నప్పుడు అది సుమారు మూడవ వంతు మాత్రమే ఉండెను! పెరుగు తిన్న గంటకు చిన్నప్రేగునుండి ద్రవమును తీసి చూడగా, అందులో లాక్టోస్‌ను కోయు ఎంజైము పనిచేయుచుండెను. పెరుగులోని బాక్టీరియా తన కత్తెరను తానే వెంట తెచ్చెనన్నమాట. జీర్ణాశయపు ఆమ్లమునుండి ఆ ఎంజైమును బాక్టీరియా కణమే కాపాడును. చిన్నప్రేగులో పైత్యరసము తగిలి కణము తెరచుకొనగా ఎంజైము పని మొదలుపెట్టును. తోడుకొన్న తరువాత వేడిచేసిన పెరుగులో ఈ మేలు బాగుగా తగ్గును.

ఇదే మిషిగన్ రాష్ట్రములో, బాటిల్ క్రీక్ అను ఊరిలో, కార్న్‌ఫ్లేక్స్‌తో పేరుపొందిన జాన్ హార్వీ కెల్లాగ్ అను వైద్యుడు తన రోగులకు పెరుగు పెట్టించెడివాడు. అది ప్రేగులలోని విషములను పోగొట్టునని ఆయన నమ్మకము. అంత గొప్ప మనము చెప్పుకొననక్కరలేదు. లాక్టోస్ సంగతి మాత్రము కొలిచి చూచిన నిజము.

అచ్చటి చలికి వంటగదిలో పెరుగు తోడుకొనదు. దుకాణములలో దొరకు యోగర్ట్‌లోని బాక్టీరియాకు నలభై డిగ్రీల పైన వెచ్చదనము ఇష్టము. మా చెల్లెలు తోడు వేసిన గిన్నెను ఓవెన్‌లో పెట్టి, లోపలి దీపము మాత్రము వెలిగించి ఉంచును. బాగాన్ డాతో కొబ్బరితోటలో మా నాయనమ్మకు ఈ తిప్పలు లేవు. మూత పెట్టి అటక మీద ఉంచిన కుండలో తెల్లవారుసరికి పెరుగు సిద్ధము!

ఇంట పెద్దల సాయముతో ఇట్లు చేయుడు. రెండు గిన్నెలలో గోరువెచ్చని పాలు పోయుడు. ఒకదానిలో చెంచాడు పెరుగు కలుపుడు. రెండవదానిలో, బాగుగా మరిగించి చల్లార్చిన చెంచాడు పెరుగు కలుపుడు. ఉదయము ఏది తోడుకొన్నది, ఎందుకు తోడుకొన్నది అని మీ పుస్తకములో వ్రాసి నాకు చూపుడు.