పాస్టరుగారి పేరుతో వచ్చే మెసేజి



అమెరికాలోని సంఘాలకు కొన్నేళ్లుగా వస్తున్న ఒక మోసం గురించి ఈ పాఠంలో ఆలోచిద్దాం. "మీటింగులో ఉన్నాను, ఫోన్ ఎత్తలేను. ఆసుపత్రిలో ఉన్న మన సహోదరికి గిఫ్ట్ కార్డులు కావాలి. కొని, వెనక గీకి, నంబర్లు ఫోటో తీసి పంపండి. తరువాత ఇచ్చేస్తాను." కింద పాస్టరుగారి పేరు, పక్కన ఆయన ఫోటో. ఈమెయిలు చిరునామా మాత్రం వేరు. ఇలాంటి మోసం గురించి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లోనే హెచ్చరించింది. గిఫ్ట్ కార్డులే ఎందుకంటారా? నంబరు చేతికి అందితే చాలు, కార్డు లేకుండానే డబ్బు వాడేసుకోవచ్చు. తిరిగి రాబట్టడం చాలా కష్టం.

యెహోషువ 9వ అధ్యాయంలోని గిబియోనీయులు మీకు తెలిసినవారే. ఉండేది పక్కనే అయినా దూరదేశం నుంచి వచ్చామని చెప్పి బూజుపట్టిన రొట్టెలు, అరిగిపోయిన చెప్పులు చూపించారు. ఇశ్రాయేలీయులు అనుమానించలేదా? అనుమానించారు, ప్రశ్నలు కూడా అడిగారు. కానీ వచ్చినవాడు తెచ్చిన రుజువునే నమ్మారు. ప్రభువు దగ్గర విచారణ చేయలేదు. సంగతి మూడు రోజుల తరువాత బయటపడింది.

మనం చేసేదీ అదే. ఆ మెసేజికే "మీరేనా అయ్యగారూ?" అని జవాబు పెడతాం. నువ్వు దొంగవా అని దొంగనే అడిగితే ఏం చెబుతాడు? మీ ఫోనులో ముందునుంచీ ఉన్న నంబరుకు కాల్ చేయండి. ఆయన ఎత్తకపోతే అమ్మగారికి చేయండి. దైవసేవకుణ్ణి అనుమానించినట్టు అవుతుందేమో అని మనవాళ్లు మొహమాటపడతారు. ఈ మోసం బతికేదే ఆ మొహమాటం మీద.

వాట్సాప్‌లో ఇంకో రకం ఉంది. మన గ్రూపులోని సహోదరుడి నంబరు నుంచే "పొరపాటున నా కోడ్ మీకు వచ్చింది, పంపండి" అని వస్తుంది. ఆ ఆరంకెలు ఆయనవి కావు, మీ ఖాతా తాళంచెవి. ఎవరికీ ఇవ్వకండి. సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంటుంది. ఈరోజే పిన్ పెట్టుకోండి, ఇండియాలో ఉన్న అమ్మానాన్నల ఫోనులో కూడా పెట్టించండి. ఖాతా ఇప్పటికే పోయి ఉంటే, మీ నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే అవతలివాడు బయటికి పోతాడు. ఈలోగా బంధువులకు ఫోన్ చేసి, మీ పేరుతో డబ్బు అడిగితే పంపవద్దని చెప్పండి.

మన ప్రార్థన గ్రూపుల మాట కూడా చెప్పాలి. ఎవరికి సర్జరీ, ఎవరు వీసా స్టాంపింగుకు ఇండియా వెళ్తున్నారు, ఎన్నాళ్లు ఇల్లు తాళం వేసి ఉంటుంది, అన్నీ అందులోనే ఉంటాయి. కొందరు పాస్‌పోర్టు, ఇమిగ్రేషన్ రసీదు కూడా ఫోటో తీసి పెడతారు. ప్రార్థన ఆలకించే దేవునికి రసీదు నంబరు అక్కరలేదు కదా! ఇతరుల జబ్బు గురించి రాసేముందు వారి అనుమతి అడగండి. సంఘ సభ్యుల ఫోన్ నంబర్ల జాబితాను అందరికీ కనబడేలా వెబ్‌సైటులో పెట్టకండి.

ఇప్పటికే కార్డు నంబర్లు పంపినవారు సిగ్గుపడి దాచుకోవద్దు. కార్డును, రసీదును పారేయకుండా వెంటనే ఆ కార్డు కంపెనీకి ఫోన్ చేసి, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేయండి. ఇండియాలో మీవారి డబ్బు పోతే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమనండి.